బత్తాయి ఒలిచిన వేలికి 212

మిర్యాలగూడ నుంచి ఒక చెల్లె నాలుగు పేజీల ఉత్తరం రాసింది. పేరు వద్దన్నది. ఇంటి గుర్తులు కూడా కొన్ని తీసేసి సంగతి మాత్రం చెబుతాను.

వయసు 27. తొలిచూలు, ఇప్పుడు 26 వారాలు. భర్త రైస్‌మిల్లులో గుమస్తా. ఇంట్లో అత్తమ్మ. తల్లిగారిల్లు దేవరకొండ దిక్కు. తల్లికి పన్నెండేళ్ల నుంచి షుగర్ ఉంది. పోయినేడు కాలికి పుండు పడి, ఎంతకూ మానక, వేలు తీసేశారు. ఆ కట్టు రెండు నెలలు ఈ అమ్మాయే మార్చింది. మూడో నెలలో గ్లూకోజ్ తాగించి చేసిన పరీక్షలో తనకు 118 వచ్చింది, ఏం లేదన్నారు. ఆరోజే సిస్టర్ "మీ ఇంట్ల ఎవరికన్న షుగర్ ఉన్నదా" అని అడిగితే ఉన్నదని చెప్పింది. అత్తమ్మ అక్కడ ఏమీ అనలేదు. ఆటో ఎక్కినంక ఒకటే మాట అన్నదట: "పెండ్లప్పుడు ఈ ముచ్చట మాకు చెప్పలే."

ఆరో నెలలో రెండోసారి పరీక్షకు రమ్మంటే పోయింది. రాత్రి నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. గ్లూకోజ్ నీళ్లు తాగిన పది నిమిషాలకే వాంతి. రేపు మళ్లీ రమ్మన్నారు, పోలేదు. రెండు వారాలైంది. ఈలోపు పక్కింటి పెద్దాయన షుగర్ మిషన్ అడిగి తెచ్చుకుని, బాత్రూమ్‌లో తలుపేసుకుని వేలు గుచ్చుకుంటోంది. రోజుకు ఆరుసార్లు, ఒక్కోరోజు ఎనిమిదిసార్లు. అంకెలన్నీ క్యాలెండర్ కాగితం వెనక రాసిపెట్టింది. 86, 131, 104, 151. ఒక సాయంత్రం అత్తమ్మతో కూర్చుని బత్తాయిలు ఒలిచి, లేచి వెళ్లి చూసుకుంటే 212. "ఆ రాత్రి తెల్లారేదాక కూసున్న అక్కా. కడుపుల బిడ్డ తంతుంటే, నేనే దీన్ని ఖరాబు చేస్తున్ననా అనిపించింది" అని రాసింది. అప్పటి నుంచి అన్నం బందు. పొద్దున ఒక రొట్టె, రాత్రి ఒక రొట్టె. నెల నుంచి బరువు పెరగలేదు. తల్లికి ఫోన్ చేయడం కూడా తగ్గించింది. భర్తకు చెబితే "రాకుంటే మంచిదే, వస్తే సూద్దాం" అంటాడట.

నాలుగు ప్రశ్నలు అడిగింది. ఇంత కట్టడిగా తింటున్న కదా, పరీక్ష మానుకోవచ్చా? ల్యాబ్ అబ్బాయి చెప్పిన "మూడు నెలల షుగర్" పరీక్ష చేయించుకుంటే దీనికి బదులు అవుతుందా? నాకు ఉంటే బిడ్డకూ వస్తదా? అత్తమ్మకు చెప్పాల్నా?

చెల్లె,

నేను డాక్టర్ని కాను. గర్భిణుల ఓపీలో సిస్టర్‌గా ఏళ్ల తరబడి గ్లూకోజ్ కలిపి ఇచ్చినదాన్ని. మందు సంగతులు నీ డాక్టరమ్మ చెబుతుంది. నేను చూసినవీ నాకు తెలిసినవీ చెబుతాను.

అన్నిటికన్నా ముందు ఆ 212 సంగతి. బత్తాయిలు ఒలిచి లేచి వెళ్లావు కదా, చేతులు కడుక్కున్నావా? ఉత్తరంలో ఆ మాట లేదు. బత్తాయి రసం వేలి మీద ఆరిపోతే కంటికి కనబడదు, కొంచెం జిగటగా ఉంటుంది అంతే. ఆ వేలినే గుచ్చితే చుక్క రక్తంతో పాటు ఆ పండు చక్కెర కూడా మిషన్‌లో పెట్టే పట్టీ మీదికి ఎక్కుతుంది. ఏది నీదో, ఏది బత్తాయిదో మిషన్‌కు తెలియదు. స్పిరిట్ దూదితో తుడిచినా పూర్తిగా పోదు. సబ్బుతో కడిగి, బాగా తుడుచుకుని గుచ్చాలి. మన జిల్లాలో ఈ పొరపాటు జరగడానికి తోటలకు తోటలే ఉన్నాయి. ఆ రోజు నీ రక్తంలో నిజంగా ఎంత ఉందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కానీ రాత్రంతా నువ్వు కూర్చున్నది నమ్మదగిన అంకె కోసం కాదు.

ఇంకొకటి కోపంగానే చెబుతున్నాను. ఆ పెద్దాయన సూది కానీ, సూది పెట్టే పెన్ను కానీ నువ్వు వాడొద్దు. మిషన్ ఒకటే అయినా సూది ఎవరిది వారికే, అదీ కొత్తది. షుగర్ కంటే పెద్ద రోగాలు ఆ సూది మీద రావచ్చు. ఇప్పటికే పంచుకుని ఉంటే డాక్టరమ్మకు దాచకుండా చెప్పు, రక్తపరీక్షలు ఏవి మళ్లీ చేయాలో చూస్తుంది.

ఇక క్యాలెండర్ వెనక అంకెలు. 151 తిన్న ముప్పావు గంటకు చూశానని రాశావు. తిన్నాక గంట అటూ ఇటూగా షుగర్ అందరికీ పైకి వెళ్తుంది, తర్వాత దిగుతుంది. ఎక్కే మెట్టు మీద ఒకసారి, దిగే మెట్టు మీద ఒకసారి చూసి రెండూ పోల్చుకుంటే భయం తప్ప ఇంకేం తెలియదు. ఏ పూట, ముద్ద మొదలుపెట్టి ఎంతసేపైంది అన్నది లేకుండా అంకెకు అర్థం లేదు. నువ్వు రోజుకు ఎనిమిదిసార్లు గుచ్చుకున్నావు, అయినా నీకు షుగర్ ఉందో లేదో నీకు తెలియదు. ఓపీలో రెండు గంటలు కూర్చుంటే తెలుస్తుంది.

తిండి దగ్గరికి వస్తాను, నన్ను ఎక్కువ కలవరపెట్టింది అదే. పరీక్షలో అంకె తక్కువ రావాలని ముందు నుంచే అన్నం మానేస్తున్నావు. నీలాగా ఎంతమంది చేస్తారో లెక్కలేదు. పది పరీక్షకు రాత్రంతా చదివినట్టు. కానీ ఒంటి లెక్క వేరు. నాలుగు రోజులు పిండిపదార్థం బాగా తగ్గించి, హఠాత్తుగా ఒకేసారి 75 గ్రాముల గ్లూకోజ్ పోస్తే, ఒళ్లు దాన్ని వెంటనే సంబాళించుకోలేక అంకె ఉన్నదానికంటే ఎక్కువే చూపించవచ్చు. తప్పించుకోవాలని చేసిన పనే పట్టించేస్తుందన్నమాట. పరీక్షకు ముందు కనీసం మూడు రోజులు మామూలుగా తిను. అన్నం తిను, పప్పు తిను. ఏడో నెలలో బిడ్డ బరువు కట్టే సమయం, నువ్వేమో రెండు రొట్టెల మీద ఉన్నావు. నెల రోజులు తల్లి బరువు పెరగకపోవడం డాక్టరమ్మకు చెప్పాల్సిన సంగతి. షుగర్ పరీక్ష ఎప్పుడు చేయించుకున్నా సరే, ఇది మాత్రం ఈ వారమే చెప్పు.

ఇంకో మాట, జొన్న రొట్టె మందు బిళ్ల కాదు. అందులోనూ ఉండేది పిండిపదార్థమే. తెల్లన్నం కంటే నిదానంగా అరుగుతుంది కాబట్టి మంచిదే. కానీ నాలుగు రొట్టెలు తింటే నాలుగు రొట్టెల షుగర్ ఎక్కుతుంది, ఒక్కటే తింటే కడుపు మాడుతుంది.

నీ భయంలో రెండు ముడులు కలిసిపోయాయి. ఒకటి గర్భంలో వచ్చే షుగర్. ఇంకొకటి మీ అమ్మ కాలు. ఉత్తరంలో మొదటిదాని గురించి ఒక పేజీ ఉంది, రెండోదాని గురించి రెండు పేజీలు ఉన్నాయి. ఆ పుండు రంగు, కట్టు విప్పినప్పటి వాసన కూడా రాశావు. షుగర్ అన్న మాట వినగానే నీ కళ్ల ముందుకు వచ్చేది అదే.

కానీ ఆ కాలు ఏళ్ల తరబడి అదుపు తప్పిన షుగర్ వల్ల నరాలు మొద్దుబారి, రక్తం సరిగ్గా అందక అయినది. నీకు వచ్చినా రాకపోయినా ఇప్పటి కథ వేరు. కడుపులో బిడ్డకు తిండి అందించే మాయ, బిడ్డ కోసమే కొన్ని హార్మోన్లు తయారు చేస్తుంది. అవి రక్తంలో చక్కెరను అదుపులో పెట్టే నీ ఇన్సులిన్‌కు అడ్డం తగులుతాయి. నెలలు నిండేకొద్దీ ఆ అడ్డం పెరుగుతుంది. చాలామంది ఒళ్లు ఎక్కువ ఇన్సులిన్ తయారు చేసి సర్దుకుంటుంది, కొందరిది సర్దుకోలేకపోతుంది. 24 నుంచి 28 వారాల మధ్య మళ్లీ చూడమనేది ఇందుకే. మూడో నెలలో 118 వచ్చింది కదా, మళ్లీ ఎందుకు అని చాలామంది అడుగుతారు. అప్పటికి ఈ అడ్డం ఇంకా సరిగ్గా మొదలే కాలేదు. కాన్పై మాయ బయటపడ్డాక ఎక్కువమందికి షుగర్ మామూలుకు వస్తుంది. అమ్మకు ఉన్నందువల్ల నీకు వచ్చే అవకాశం కొంత ఎక్కువన్నది నిజం, దాన్ని దాచను. తీపి తిన్నందుకు పడే శిక్ష మాత్రం కాదు.

బిడ్డకు వస్తుందా అన్నావు. గర్భంలో తల్లికి షుగర్ ఉన్నంత మాత్రాన బిడ్డ షుగర్ రోగంతో పుట్టదు. తల్లి రక్తంలో ఎక్కువైన చక్కెర మాయ దాటి బిడ్డకు చేరుతుంది, దాన్ని అరిగించడానికి బిడ్డ తన ఇన్సులిన్ ఎక్కువ చేసుకుంటుంది, లావెక్కుతుంది. కాన్పులో బిడ్డ భుజం ఇరుక్కునే ఇబ్బంది, పెద్దాపరేషన్ దాకా పోవడం అందుకే. బొడ్డు కోశాక తల్లి నుంచి చక్కెర ఆగిపోతుంది, బిడ్డ ఇన్సులిన్ మాత్రం ఇంకా జోరు మీదే ఉంటుంది. అప్పుడు బిడ్డ షుగర్ బాగా పడిపోవచ్చు. ముందే తెలిసి ఉంటే పుట్టిన గంటలోపు పాలు పట్టించి, మడమ దగ్గర చుక్క తీసి చూస్తారు. తెలియకపోతే ఎవరూ చూడరు. పరీక్ష మానేస్తే పోయేది ఇదే.

ఇప్పుడు నీ ముందున్న దారులు చెబుతాను.

మొదటిది, ఆ సర్కారు ఆస్పత్రికే మళ్లీ పోవడం. అక్కడ చేసేది ఒకటే గుచ్చుడు పరీక్ష: 75 గ్రాముల గ్లూకోజ్ 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి ఇస్తారు, రెండు గంటలకు చూస్తారు. 140 కానీ ఆపైన కానీ వస్తే గర్భంలో షుగర్ అంటారు. దీనికి పరగడుపు అక్కర్లేదు. ఈ ముక్క నీకెవరూ చెప్పినట్టు లేదు. రాత్రంతా ఖాళీ కడుపుతో ఉండి, ఆటోలో కుదుపులు తిని, అంత తీపి తాగితే నాకైనా వాంతే. తిని రావచ్చా అని ముందురోజే ఆశా వర్కర్‌కు ఫోన్ చేసి అడుగు. ఒకేసారి గటగటా తాగకు, ఐదు నుంచి పది నిమిషాలు తీసుకో. నీళ్లు చల్లగా ఉంటే కొంచెం నయం. తాగిన అరగంటలోపు కక్కితే ఆ పరీక్ష లెక్కలోకి రాదు, మరునాడు మళ్లీ చేస్తారు. అరగంట దాటాక కక్కితే ఆపకుండా కొనసాగిస్తారు. నిన్ను రేపు రమ్మన్నది అందుకే, నువ్వేదో పాడుచేశావని కాదు. ఈ దారిలో ఖర్చు లేదు. ఒక్కటే ఇబ్బంది, 138 వస్తే బతికిపోయామనీ 142 వస్తే మునిగిపోయామనీ అనిపిస్తుంది. ఆ రెంటికీ నిజంగా ఉన్న తేడా నాలుగే.

రెండోది, ప్రైవేటు ల్యాబ్‌లో మూడుసార్లు రక్తం తీసే పరీక్ష. దీనికి పరగడుపు తప్పదు. పరగడుపున 92, గంటకు 180, రెండు గంటలకు 153 హద్దులు. ఏ ఒక్కటి అందుకున్నా ఉన్నట్టే లెక్క. నీ కడుపు సంగతి చూస్తే వాంతి భయం ఇక్కడే ఎక్కువ. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో, ఈ పరీక్ష హద్దులు ఆ పరీక్షకు పెట్టి చూడొద్దు. ఆస్పత్రిలో 145 వచ్చినామె ల్యాబ్ కాగితం మీద 153 చూసి నాకేం లేదని ఇంటికి పోయి కూర్చోవడం నేను చూశాను.

మూడోది, రెండోసారీ కక్కితే. అప్పుడు డాక్టరమ్మే వారం రోజులు పరగడుపున, తిన్న తర్వాత రాసుకురమ్మని చెప్పవచ్చు. అది నువ్వు బాత్రూమ్‌లో చేస్తున్నట్టే కనబడుతుంది కానీ వేళలు ఆమె చెబుతుంది, అంకెలు ఆమె చదువుతుంది, సూదులు నీవి.

నాలుగోది నువ్వు అడిగినది: పరీక్ష మానేసి కట్టడిగా తినడం. షుగర్ లేకుంటే బిడ్డను ఊరికే మాడ్చినట్టు. ఉంటే నీ కట్టడి చాలిందో లేదో ఎవరికీ తెలియదు, బిడ్డ ఎదుగుదలను ఆ కళ్లతో ఎవరూ చూడరు. చేయకూడదని నేను ఆజ్ఞ వేయలేను, ఒళ్లు నీది. కానీ ఈ దారిలో భయం కాన్పు దాకా ప్రతి రాత్రీ నీతోనే ఉంటుంది.

ల్యాబ్ అబ్బాయి చెప్పిన మూడు నెలల సగటు పరీక్ష దీనికి బదులు కాదు. గర్భంలో రక్తం పలచబడుతుంది, కొత్త రక్తకణాలు వేగంగా పుడతాయి, రక్తం తక్కువ ఉన్నవాళ్లు మన దగ్గర చాలామంది. ఆ అంకె ఉన్న షుగర్‌ను చూపించకపోవచ్చు.

24 వారాలు దాటాయని, 28 దగ్గరపడుతున్నాయని కంగారుపడకు. ఇంకా వేళ ఉంది. దాటినా చేస్తారు. ప్రతి నెలా 9వ తేదీన సర్కారు ఆస్పత్రుల్లో గర్భిణులను డాక్టర్లు ప్రత్యేకంగా చూస్తారు. వాంతి సంగతి, బరువు సంగతి ఒకేసారి మాట్లాడుకోవాలంటే ఆ రోజు పో. జనం ఎక్కువుంటారు, పొద్దుగాలే పో.

ఉందని తేలితే ఏమవుతుందో కూడా చెబుతాను, తెలియని దానికే బుగులు ఎక్కువ. ముందు రెండు వారాలు తిండి, నడకతోనే చూస్తారు. అన్నం బందు పెట్టరు, కొలత పెడతారు. మూడు పూటలు, మధ్యలో రెండు మూడుసార్లు చిన్నవి. గిన్నెడు అన్నమో రొట్టెనో, దాంతో సమానంగా పుంటికూర పప్పో, చిక్కుడుకాయో, గుడ్డో. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు, పాలు మానొద్దు. బత్తాయి తినొచ్చు, తొనలుగా, ఒకటి. రసం తీసి గ్లాసుడు తాగితే నాలుగు కాయలు ఒక్క గుక్కలో పోయినట్టు. తిన్నాక వరండాలో పది పదిహేను నిమిషాలు అటూ ఇటూ నడువు. అప్పుడు తిన్న రెండు గంటలకు 120 లోపు ఉంటే ఆ దారినే పోతారు. దాటుతుంటే మాత్రో, ఇన్సులినో మొదలుపెడతారు. ఇన్సులిన్ అనగానే మీ అమ్మ సూది గుర్తొస్తుందని తెలుసు. ఈ సూది ఎక్కువమందికి కాన్పుతోనే ఆగిపోతుంది, బిడ్డకు చేరదు. కాన్పైన ఆరు వారాలకు మళ్లీ గ్లూకోజ్ తాగి చూపించుకోవాలి. ఆ ఒక్క పరీక్షకు ఎంత చెప్పినా రారు, బిడ్డ పనిలో పడి మరిచిపోతారు. ముందుముందు నిజమైన షుగర్ వచ్చే అవకాశం వీళ్లకు ఎక్కువ కాబట్టే రమ్మనేది.

అత్తమ్మ సంగతి. ఆమె ఆటోలో అన్న మాట తేలికైనది కాదు. అందులో నీ మీద కంటే మీ అమ్మానాయిన మీద కోపం ఎక్కువ కనబడుతోంది నాకు. ఆమెను దుర్మార్గురాలిని చేయడం సులువు. కానీ నువ్వు రాసిన ఉత్తరంలోనే నీ పక్కన కూర్చుని బత్తాయిలు ఒలిచింది ఆమె, వాంతైన రోజు నీ వీపు రాసింది కూడా ఆమె. (మాటవరసకు అడుగుతున్నాను, ఆమె తన షుగర్ ఎప్పుడైనా చూపించుకున్నారా? చాలామంది అత్తమ్మలది కోడళ్ల పరీక్షకు తోడు వచ్చినప్పుడే బయటపడుతుంది.)

పరీక్షకు ముందే చెబితే, ఆ పాత మాట మళ్లీ ఒకసారి వినాల్సి రావచ్చు. కానీ దాచుకునే పని తప్పుతుంది. ఫలితం చూశాక చెబుతానంటే, లేదని తేలితే చెప్పాల్సిన అవసరమే రాదు, ఆ కొన్ని రోజుల ఒంటరితనం మాత్రం నీదే. అసలే చెప్పనంటే, ఉందని తేలినప్పుడు ఇబ్బంది. వంట ఆమెది, పళ్లెం వడ్డించేది ఆమె. ఎందుకు తక్కువ పెట్టించుకుంటున్నావని రోజూ అడుగుతుంది, రోజూ ఒక అబద్ధం కావాలి. నీ నోటితో చెప్పలేకపోతే సిస్టర్‌తో చెప్పించు. మేము ఆ పని చాలాసార్లు చేశాం. "ఇది మాయ వల్ల వచ్చేది పెద్దమ్మా, గింత అన్నం, గింత కూర, మీరే చూసుకోవాలె" అంటే ఎన్ని ముఖాలు నిమ్మళించాయో. పని అప్పజెప్పితే పెద్దవాళ్లకు కోపం ఉంచుకునే తీరిక ఉండదు.

మీ ఆయన "వస్తే సూద్దాం" అన్నాడు కదా. ఏం చూస్తాడో అడుగు. పరీక్ష రోజు మిల్లుకు సెలవు పెట్టించు. తాగడం మొదలుపెట్టిన నిమిషం ఫోన్‌లో రాసి, రెండు గంటలకు సిస్టర్‌ను పిలిచే పని అతనిది.

రాత్రుళ్లు నిద్ర లేక తెల్లారేదాకా కూర్చోవడం రెండు వారాలు దాటింది. దాన్ని షుగర్ ఖాతాలో వేసి వదిలేయకు. ఎవరితోనైనా తెలుగులో మాట్లాడాలంటే టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా చేయొచ్చు, డబ్బు కట్టేది లేదు. బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపిస్తే మాత్రం ఫోన్లు, ఉత్తరాలు పెట్టకుండా అప్పటికప్పుడు ఆస్పత్రికి పో.

ఇక మీ అమ్మ. ఈ సంగతి ఆమెకు చెప్పలేదు, నా వల్లే వచ్చిందని కుమిలిపోతుందని రాశావు. కావచ్చు. కానీ పన్నెండేళ్లుగా వేలు గుచ్చుకుంటున్న మనిషి ఆమె. ఎక్కడ గుచ్చితే నొప్పి తక్కువో, పట్టీల డబ్బా మూత తీసి ఉంచితే ఏమవుతుందో, సూది భయం ఎన్నాళ్లకు పోతుందో ఆమెకు తెలిసినంత ఆ మిషన్ ఇచ్చిన పెద్దాయనకు కూడా తెలియదు. ఇంతకాలం కాల్ చేయనందుకు ఆమె ఏమనుకుంటోందో నీ ఉత్తరంలో లేదు. ఈ సాయంత్రం చేయి. నీ సంగతి చెప్పినా చెప్పకపోయినా సరే, ముందు ఆ కాలు ఎట్లున్నదో అడుగు.